సుద్దచుక్కలు

మార్చి 3, సోమవారం

మూడో వరుసలో నాలుగో సీసా కదిలింది.

కదిలింది అనడం సరికాదు. ఉన్నచోటే ఉంది, తిరిగింది. ప్రతి సీసా అడుగున నేను పెట్టిన సుద్దచుక్క, గడియారంలో పన్నెండు ఉండే చోట ఉండాలి. ఈ ఉదయం ఆ ఒక్కదాని చుక్క మూడు ఉండే చోట ఉంది. మిగిలిన నలభై ఏడూ సరిగానే ఉన్నాయి. రెండుసార్లు చూశాను.

నేలమాళిగలో పన్నెండు డిగ్రీలు. తేమ డెబ్భై శాతం. తాళం చెక్కుచెదరలేదు.

మార్చి 5, బుధవారం

రాసుకుంటే తప్ప నాకు ఆలోచన తిన్నగా నడవదు. తెలిసినవి, వరుసగా:

ఒకటి. సీసాలు నలభై ఎనిమిది. ఎనిమిది వరుసలు, వరుసకు ఆరు. అన్నీ ఒకే తోట షార్డొనే తెల్ల వైన్, ఒకే ఏడాది కోత. రెస్టారెంటు తెరిచిన ఏడాది మా యజమాని మేడమ్ యాభై కొని, పదేళ్ల విందుకని పడుకోబెట్టించారు. ఐదో ఏట రెండు తెరిచి చూశాం. విందు మే పదిన.

రెండు. తాళంచెవులు రెండు. ఒకటి నా నడుముకు ఉంటుంది, రెండోది మేడమ్ గదిలో మేకుకు.

మూడు. ఒక్క సీసా కూడా తగ్గలేదు.

నన్ను తొలుస్తున్నది ఈ మూడోదే. తెలివితక్కువ దొంగ ఖాళీ వదిలి పోతాడు. తెలివైనవాడు ఆ ఖాళీని నింపి పోతాడు. అదే ఆకారపు సీసాలో చవక సరుకు పోసి, బిరడా బిగించి, కాగితం చుట్టి పెడితే విందు బల్ల దగ్గర బిరడా తీసేదాకా ఎవరికీ తెలియదు. తెలిసిన క్షణాన అందరూ అడిగేది ఒక్కటే: కాపలా ఎవరిది?

పద్దెనిమిదేళ్ల క్రితం నేను వేరే హోటల్లో బల్లలు తుడిచేవాణ్ణి. వైన్ చూసుకునే ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, గ్లాసుల అడుగున అతిథులు వదిలేసిన చుక్కల వాసన చూసి నేర్చుకున్నాను. అలా సంపాదించిన పేరు ఒక్క రాత్రిలో పోతుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు సుద్దచుక్కలు పెట్టుకోలేదు.

మార్చి 8, శనివారం

మా ఆవిడ తమ్ముడు ఇక్కడే చేపల పొయ్యి దగ్గర వంటవాడు. ఆరేళ్ల క్రితం నేనే చేర్పించాను. మధ్యాహ్నం వడ్డన ముగిశాక వచ్చి నేలమాళిగ మెట్ల మీద కూర్చున్నాడు.

“బావా, విందులో చేపకి సాస్ నన్నే చెయ్యమన్నారు. ఆ తెల్ల వైన్ ఒక్క గుక్క పొయ్యవా. దాన్నిబట్టి చేస్తా.”

“విందు దాకా తెరవకూడదు. రుచి ఎలా ఉంటుందో రాసి ఇస్తాను.”

“రాసిస్తే ఏం చేసుకోను, కాగితం నాలుక మీద పెట్టుకోనా?”

ఐదో ఏటి నా నోట్సు నుంచి రెండు పేజీలు ఎత్తి రాసి, చేపకు వెన్న సాస్ అని పైన చేర్చి ఇచ్చాను. పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, వేయించిన బాదం, కరిగిన వెన్న, తడి రాయి. అతను వేలు పెట్టి చదువుతూ చివరి మాట దగ్గర ఆగాడు.

“తడి రాయిని ఎప్పుడు నాకావు బావా?”

మెట్లు ఊడ్చే ఆమె కూడా నవ్వింది. వెళ్తూ వెళ్తూ అతను అరల వైపు తొంగి చూశాడు. ఎంతసేపు చూశాడో లెక్కపెట్టాను. నాలుగు క్షణాలు. దారిన పోయేవాడికి ఒకటి చాలు.

మార్చి 11, మంగళవారం

ఐదో వరుస, ఒకటో సీసా. చుక్క పదకొండు దగ్గర.

మార్చి 12, బుధవారం

విందుకు ముందు ఒకటి రుచి చూడడం మంచిదని మేడమ్‌ను ఒప్పించాను. అసలు కారణం చెప్పలేదు. ఉదయం పది గంటలకు, నోరు శుభ్రంగా ఉండగా, ఒకటో వరుస నుంచి తీసి తెరిచాను.

రంగు: ఎండుగడ్డి పసుపు, అంచున బంగారం. ఈ తోటవాళ్లు రంగు కనిపించాలని తెల్లగాజు సీసాల్లోనే నింపుతారు. వాసన: మొదట నిమ్మతొక్క, గ్లాసు తిప్పాక బాదం, ఐదు నిమిషాలకు తేనె. నోట్లో: పులుపు ఇంకా నిటారుగా నిలబడి ఉంది, పీపా చెక్క ఇచ్చిన నునుపు దాని చుట్టూ శాలువాలా ఉంది. వంటగది నుంచి వేయించిన కోడిమాంసం రెండు ముక్కలు తెప్పించుకుని దానితో తాగాను. ఒకదాన్ని ఒకటి లేపాయి. పుట్టగొడుగులతో ఇంకా బాగుంటుంది. కారం దగ్గరికి రానివ్వకూడదు. చేపకు వెన్న సాస్ సరిపోతుంది. గ్లాసులో మరీ చల్లగా ఉంటే మూగబోతుంది, పన్నెండు డిగ్రీలే మేలు.

లోపం లేదు. సీసా అసలైనదే.

అంటే దొంగ ఇంకా దీని దాకా రాలేదు.

ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఐదో ఏట తెరిచినప్పుడు నేను వాసనకు పేరు వెతుకుతూ ఉండగా మా బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చి, తాగకుండానే, ఖాళీ గ్లాసు ఎత్తి వాసన చూసి, “పాలు కాచి చల్లారబెడితే పైన కట్టే మీగడ” అన్నాడు. మేడమ్ నవ్వి, “అది రాసుకోండి” అని నాకు చెప్పారు. రాసుకున్నాను. ఈ విషయానికీ ప్రస్తుత విషయానికీ సంబంధం లేదు.

మార్చి 16, ఆదివారం

భోజనాల దగ్గర మా ఆవిడను యథాలాపంగా అడిగాను.

“మీ తమ్ముడు ఈ మధ్య ఏమైనా కొత్తవి కొన్నాడా?”

“కొత్త చెప్పులు కొన్నాడు. పాతవాటికి అడుగు ఊడిందట. ఎందుకండీ?”

“ఊరికే.”

“మీరు ఊరికే ఏదీ అడగరు. ఉప్పు చాలిందా అని అడిగినా ఎక్కడో రాసుకోవడానికే.”

నేను స్నానానికి వెళ్లేముందు తాళంచెవి ఉన్న నడుముతాడు కుర్చీ వీపు కుడి కొనకు తగిలించాను. వచ్చేసరికి ఎడమ కొనకు ఉంది. కుర్చీ తుడిచానంది. కావచ్చు.

మార్చి 19, బుధవారం

నేలమాళిగలో కెమెరా పెట్టాను. చీకట్లో దానికి ఏమీ కనబడదు కాబట్టి అరల ఎదురుగా నాలుగు అడుగుల తెల్ల ట్యూబ్‌లైటు కూడా బిగించాను. ఇరవై నాలుగు గంటలూ వెలుగుతుంది. వేడి రాని రకమే కొన్నాను. ఉష్ణోగ్రత గంటగంటకూ చూశాను, పన్నెండు దాటలేదు.

ఈ పనికి ఎవరి సాయమూ తీసుకోలేదు.

మార్చి 20, గురువారం

కెమెరాలో కాగితం చుట్టలు తప్ప ఏమీ కనిపించడం లేదు. లోపల ఏముందో, ఎంత ఉందో కాగితమే దాస్తోంది. అందుకని పై ఐదు వరుసల కాగితాలు విప్పేశాను. వెలుతురు సీసాల గుండా వచ్చి గోడ మీద పసుపు మరకలుగా పడుతోంది. మట్టం, రంగు ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తాయి. కింది మూడు వరుసలు కెమెరా చూపుకు అందవు, వాటి ముందున్న బల్ల ట్యూబ్‌లైటుకు కూడా అడ్డం. వాటిని అలాగే వదిలేశాను.

పదేళ్లలో మొదటిసారి నా సీసాలు నాకు పూర్తిగా కనబడ్డాయి. చాలాసేపు చూశాను.

మార్చి 28, శుక్రవారం

మూడో వరుస, రెండో సీసా. చుక్క మళ్లీ మూడు దగ్గర.

నేను నేలమాళిగలో లేని గంటలన్నింటి రికార్డింగూ చూశాను. ఎవరూ రాలేదు. తలుపే తెరుచుకోలేదు.

అంటే కెమెరా సంగతి అతనికి తెలుసు. దాన్ని ఎలాగో ఆపి, పని కానిచ్చి, మళ్లీ నడిపిస్తున్నాడు. ఈ కెమెరా కొన్న సంగతి నేను కాక తెలిసినది మా ఆవిడకే. పెట్టె తనే విప్పింది.

ఏప్రిల్ 4, శుక్రవారం

మధ్యాహ్నం అతను తన కత్తులు సంచిలో సర్దుతుండగా చూశాను. సంచిలో ఒక బిరడా ఉంది. నన్ను చూసి దాచలేదు.

దాచకపోవడం గమనించదగినది.

ఏప్రిల్ 9, బుధవారం

మేడమ్‌కు చెప్పకుండా రెండో వరుస నుంచి ఒకటి తెరిచాను.

ముక్కు దగ్గరికి తెచ్చేసరికే తెలిసిపోయింది. ఉడికి ఉడికి నీరుగారిన క్యాబేజీ. దాని వెనక తడిసిన ఉన్ని. నిమ్మ లేదు, బాదం లేదు, తేనె లేదు. నోట్లో పుల్లటి నీళ్లు. ఇరవై ఎనిమిది రోజుల క్రితం పై వరుసలో తాగిన వైన్‌కూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. బిరడాను భూతద్దం కింద చూశాను. అసలు బిరడాలాగే ఉంది. పనితనం గొప్పది.

ఇక్కడ నాకు తప్ప ఎవరికీ చెప్పనక్కరలేదు కాబట్టి రాస్తున్నాను: నాకు సంతోషం కలిగింది.

ఏప్రిల్ 10, గురువారం

ఐదో వరుస నుంచి ఇంకొకటి తెరిచాను. అదే క్యాబేజీ. రెండు గ్లాసులూ మేడమ్ బల్ల మీద పెట్టి, పదమూడు అంశాల జాబితా చదివాను. ఆమె వాసన చూసి గ్లాసు దూరంగా జరిపారు.

“ఎవరి మీద అనుమానం?”

చెప్పాను.

“ఆయన మీ బావమరిది కదా. ఇంట్లో మాట్లాడారా?”

“ఇది ఉద్యోగ విషయం మేడమ్. ఇంట్లో మాట్లాడేది కాదు.”

ఆమె లేచి, వంటగదిలోకి నడిచారు. అతని సంచి తెరిపించాలని నేనే అన్నాను. నిజం బయటపడడానికి సాక్షులుంటే మంచిదని కూడా నేనే అన్నాను. పొయ్యిల దగ్గరా గిన్నెల తొట్టి దగ్గరా కలిపి పదకొండు మంది ఉన్నారు. అతను కత్తుల సంచి బల్ల మీద పరిచాడు. బిరడా దొరికింది. సన్న కత్తి మొనకు గుచ్చి ఉంది.

“ఇది ఎక్కడిది?” అన్నాను.

“వంటకి వాడే వైన్‌ది బావా. మొన సంచిని పొడవకుండా గుచ్చా. నా ఒక్కడి సంచిలోనే కాదు, అందరి సంచుల్లోనూ ఉంటాయి. చూడు కావాలంటే.”

“దీని మీద పేరు అచ్చు ఎందుకు అరిగిపోయింది?”

“రెండేళ్లుగా కత్తి మొనకే ఉందిగా.”

గిన్నెలు కడిగే అతను కొళాయి కట్టేశాడు. మేడమ్, బయటి నుంచి నిపుణురాలిని పిలిపించి పరీక్ష చేయిస్తాననీ, అంతవరకూ పనికి రావద్దనీ అతనికి చెప్పారు. అతను ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యి పక్కన ఉంచాడు. మూకుడు కింద మంట తగ్గించి, “ఇంకో రెండు నిమిషాలకి తిప్పండి, లేకపోతే అంటుతుంది” అని పక్కవాడితో చెప్పి వెళ్లిపోయాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి. తడుముకోలేదు. ముందే సిద్ధపడి ఉన్నాడన్నమాట.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా ఆవిడ అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

ఏప్రిల్ 12, శనివారం

మాట్లాడలేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

ఈ రోజు మాట్లాడింది.

“వాడు ఆసుపత్రి క్యాంటీన్‌లో చేరాడు. రోగులకి ఉప్పు లేని వంట. ‘మంచిదేలే అక్కా, ఇక్కడ ఎవరూ రుచుల గురించి జాబితాలు రాయరు’ అన్నాడు.”

“పరీక్ష కానివ్వు. అప్పుడు మాట్లాడదాం.”

“ఒక్కటి చెప్పండి. వాడు తీసుంటే ఎక్కడ పెట్టాడు? ఎవరికి అమ్మాడు? వాడి గదిలో మంచం కింద చెయ్యి పెట్టే చోటు కూడా లేదు.”

“అది కనిపెట్టాల్సి ఉంది.”

“అనుమానం పెనుభూతం అని మా నాయనమ్మ అనేది. భూతమైతే ఏదో ఒక రోజు వదులుతుంది. మీకు పట్టింది అది కాదు, మీరే దానికి పట్టారు.”

అని లోపలికి వెళ్లిపోయింది. తన ప్రశ్నలు రెండూ సరైనవే. జాబితాలో పద్నాలుగు, పదిహేనుగా చేర్చాను.

ఏప్రిల్ 22, మంగళవారం

నిపుణురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, మోకాలి నొప్పితో మెట్టుకొకసారి ఆగుతూ దిగింది. నా జాబితా చేతికిచ్చాను. చదవకుండా మడిచి జేబులో పెట్టుకుంది. సీసాల వైపు కూడా చూడలేదు. తల ఎత్తి ట్యూబ్‌లైటు చూసింది.

“ఇది ఎప్పటి నుంచి వెలుగుతోంది బాబూ?”

“మార్చి పంతొమ్మిది నుంచి.”

“రోజుకి ఎన్ని గంటలు?”

“ఇరవై నాలుగు. కెమెరా కోసం.”

“సీసాల మీద కాగితాలు ఎవరు విప్పారు?”

“నేను.”

ఆమె సంచి కింద పెట్టి, నాలుగో వరుస నుంచి ఒకటి, కాగితం విప్పని ఏడో వరుస నుంచి ఒకటి తెమ్మంది. తెరిచాను. నాలుగో వరుసది క్యాబేజీ. ఏడో వరుసది నిమ్మతొక్క, బాదం, తేనె. పులుపు నిటారుగా.

రెండు గ్లాసులూ నా ముందుకు జరిపి, ఏ కోపమూ లేకుండా చెప్పింది. “తెల్లగాజు సీసాకి వెలుతురంటే గిట్టదు. ఎండే అక్కరలేదు, ఇలాంటి దీపం మూడు వారాలు చాలు. మెట్లు దిగగానే దీపమనే అనుకున్నాను. ఎవరూ ఏమీ మార్చలేదు. ఇది ఆ వైనే.”

నాకు తెలుసు. నా దగ్గర ఉన్న ఏ పుస్తకమైనా మొదటి పది పేజీల్లోనే చెబుతుంది: వేడి, కదలిక, గాలి, వెలుతురు. పరీక్ష పెడితే నిద్రలో కూడా రాస్తాను. వెలుతురు అంటే ఎండ అనుకున్నాను. అని ఇక్కడ రాశాను గాని, అది కూడా నిజం కాదు. దీపం బిగించిన రోజు వైన్ గురించి నేను ఆలోచించనేలేదు. అతని గురించే ఆలోచించాను.

“పై వాటిలో ఏవీ మిగలవు. కింద పదిహేడు ఉన్నాయి, అవి చాలు విందుకి” అంది. పైకి వెళ్లేముందు ఆగింది. “మేడమ్‌కి నేను ఏవి బాగున్నాయో, ఏవి పాడయ్యాయో సోమవారానికి అందేలా రాసి పంపుతాను. ఎందుకు పాడయ్యాయో మాత్రం మీరు చెప్తే బాగుంటుంది. ఎవరినో మాన్పించారట కదా.”

దీపం ఆర్పాను. ఆమె మెట్లెక్కేదాకా చేతి టార్చి పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ 23, బుధవారం

సీసాలు తిరగడం మాత్రం నిజం కదా. దీపం సీసాను తిప్పదు కదా.

నేను లేని గంటలు ముందే చూశాను కాబట్టి ఈ రోజు నేను ఉన్న గంటలు చూశాను. తెల్ల చొక్కాలో, కొంచెం బట్టతలతో, ఒక మనిషి రోజుకు మూడుసార్లు వస్తున్నాడు. ఒక్కొక్క సీసానూ ఎత్తి, మట్టం చూసి, పెడుతున్నాడు. అతి జాగ్రత్తగా పెడుతున్నాడు. మార్చి ఇరవై ఏడు, సాయంత్రం నాలుగు పది: మూడో వరుస రెండో సీసా చేతిలో ఉండగా ఫోను మోగింది. ఎడమ చేత్తో సీసాను అరలోకి తోసి, ఫోను తీశాడు. చుక్క మూడు దగ్గర ఆగింది. అతను చూడలేదు.

ఆ మనిషిని నేను తొమ్మిదిసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఏప్రిల్ 24, గురువారం

చెప్పకపోవడానికి కారణాలు:

ఒకటి. విందుకు పదిహేడు చాలు, నష్టం కనిపించదు.
రెండు. అతనికి వేరే పని దొరికింది.
మూడు. నిపుణురాలు కారణం రాయనంది. బిరడాలు పాడయ్యాయంటే ఎవరూ కాదనరు. పదేళ్ల తెల్ల వైన్‌లో అది మామూలే.
నాలుగు. నాకు నలభై ఆరేళ్లు. మళ్లీ బల్లలు తుడవడం మొదలుపెట్టే వయసు కాదు.

చెప్పడానికి కారణాలు:

ఒకటి.

ఏప్రిల్ 25, శుక్రవారం

చెప్పలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

మా ఆవిడకు చెప్పాను. గిన్నె తోముతూ వింది. చివరిదాకా తోమి, బోర్లించి, చెయ్యి తుడుచుకుంది.

“కంచె అనుకున్నాం. చేను మేసింది” అంది. తర్వాత, “ఈ మాట నాకు కాదు చెప్పాల్సింది” అంది.

ఏప్రిల్ 28, సోమవారం

రెస్టారెంటు తెరవగానే మేడమ్ గదికి వెళ్లాను. కాగితం తీసుకెళ్లలేదు. దీపం గురించి, కాగితాల గురించి, చుక్కల గురించి చెప్పాను. పై వరుసల ముప్పై సీసాల్లో మంచిగా ఉండగా తెరిచినది ఒక్కటే, మిగిలినవన్నీ పాడయ్యాయని చెప్పాను. నిపుణురాలి ఉత్తరం ఆమె బల్ల మీదే ఉంది, అప్పటికే తెరిచి.

“ఆ రోజు ఆయన సంచి ఎక్కడ తెరిపించారు?”

“వంటగదిలో మేడమ్.”

“ఎంతమంది ముందు?”

“పదకొండు.”

“లెక్క మీకు గుర్తుంటుందని తెలుసు. రేపు మధ్యాహ్నం ఆ పదకొండు మందీ ఉంటారు. ఆయన్ని నేను పిలిపిస్తాను.”

“నా ఉద్యోగం?”

“విందు అయ్యేదాకా సీసాలు మీరే చూడండి. ఆ తర్వాత తాళంచెవి నాకిచ్చేయండి. బల్లల దగ్గర వైన్ పోయడానికి మనిషి కావాలి, ఇష్టమైతే ఉండండి.”

ఏప్రిల్ 29, మంగళవారం

పదకొండు మంది. అతను క్యాంటీన్ బట్టల్లోనే వచ్చాడు, తలకు జాలీ టోపీ ఇంకా తీయలేదు. నేను చెప్పవలసినది రాత్రి నుంచి కంఠస్థం చేశాను. మొదటి వాక్యం దాటాక ఏదీ గుర్తు రాలేదు.

“వైన్ ఎవరూ తీయలేదు. నేను పెట్టిన దీపం వల్ల పాడైంది. సీసాలు తిప్పింది కూడా నేనే. ఈయన్ని దొంగ అన్నాను. ఈయన దొంగ కాదు.”

చేపల పొయ్యి దగ్గర కొత్తగా చేరిన అతను చెంచా ఆపి వింటున్నాడు. గిన్నెలు కడిగే అతను, “మరి మా సంచులు కూడా వెతుకుతారేమోనని రెండు వారాలు బిక్కుబిక్కుమంటూ ఉన్నాం సార్” అన్నాడు. కొందరు నవ్వారు. అది నాకు తట్టనే లేదు. వాళ్లు కూడా నా జాబితాలో ఉండగలరని వాళ్లకు తెలుసు.

తర్వాత వెనక గుమ్మం దగ్గర, ఖాళీ కూరగాయల పెట్టెల మీద ఇద్దరమూ కూర్చున్నాం. మేడమ్ అనుమతితో ఎనిమిదో వరుస నుంచి ఒక సీసా తెచ్చాను. పోసి ఇచ్చాను. అతను వాసన చూశాడు, ఒక గుక్క నోట్లో ఉంచుకున్నాడు, మింగాడు.

“నువ్వు వెన్న సాస్ అన్నావు కదా బావా. వద్దు. వెన్న దీన్లోనే ఉంది, మళ్లీ పోస్తే రెండూ కలిసి నిద్రపోతాయి. చేప ఎముకల చారు చిక్కగా మరిగించి, దించేముందు నిమ్మతొక్క గీరమను. వెన్న వేలెడంత చాలు. ఆ కొత్తాయనకి చెప్పు. లేకపోతే నేనే రాసిస్తాలే, నీకు కాగితాలంటే ఇష్టం కదా.”

రెండు పేజీలు నేను రాసిచ్చినది అతను ఒక గుక్కలో తప్పని తేల్చాడు. నిజమే. నాకు నాలుక మీదే తెలిసింది.

“తిరిగి వచ్చేయ్. మేడమ్ కూడా అన్నారు.”

“అన్నారు. నేను రాను.”

“తప్పు నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను కదరా.”

“ఒప్పుకున్నావు. వైన్ ఎందుకు పాడైందో తేలింది, బాగానే ఉంది. కానీ బావా, నేను తీశానని నువ్వు నమ్మావు. ఆరేళ్లు ఒకే ఇంట్లో పండగకీ పబ్బానికీ కలిసి తిన్నాం, అయినా నమ్మడానికి నీకు ఒక చుక్క చాలింది. దీపం వల్లని తేలకపోయుంటే ఇప్పటికీ నమ్మేవాడివే. అది ఎక్కడికి పోతుంది?”

అతను గ్లాసు ఖాళీ చేసి, నా చేతిలో పెట్టి, టోపీ సర్దుకున్నాడు.

“అక్కని ఏడిపించకు. ఆదివారం వస్తా, పప్పు చెయ్యమను. ఉప్పు బాగా వెయ్యమను.”

ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడాడు, దీని వెనక ఏముంది, అని మెట్లు దిగుతూ మొదలుపెట్టాను. మూడో మెట్టు దగ్గర ఆగి కూర్చున్నాను.

మే 4, ఆదివారం

వచ్చాడు. తిన్నాడు. అక్కతోనే మాట్లాడాడు. నన్ను అడిగినది ఒకటే: “మంచినీళ్లు అందిస్తావా?”

మే 11, ఆదివారం

నిన్న విందు జరిగింది. అతిథులు నలభై మంది. మిగిలిన పదహారు సీసాల్లో ఏదీ చెడలేదు. ప్రతి సీసాకూ ముందు ఒక చెంచాడు నేను చూసి, తర్వాత పోశాను. చేప కొత్తాయన వండాడు, బావమరిది రాసిచ్చిన కాగితాన్ని పొయ్యి పైన గోడకు అంటించుకుని. వైన్‌తో ఆ సాస్ కలిసిన తీరు గురించి నాకు పెద్ద మాటలు దొరకలేదు. పదేళ్లూ ఆ సీసాలు దీని కోసమే పడుకున్నట్టు ఉంది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, తెల్లగడ్డం, నిదానంగా తినే మనిషి, నేను గ్లాసు నింపుతుండగా చెయ్యి ఆపి అడిగారు.

“ఈ చేపకి, ఈ వైన్‌కి జత కుదిర్చింది ఎవరండీ?”

“మా బావమరిది.”

“ఒకసారి పిలుస్తారా? చెయ్యి కలపాలి.”

“ఇప్పుడు ఇక్కడ పని చేయడం లేదండీ.”

“అయ్యో, ఇంత పనివాడు ఎందుకు మానేశాడు?”

వేరే చోట మంచి పని దొరికింది అనవచ్చు. అది అబద్ధం కూడా కాదు. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ నా వైపే చూస్తున్నారు.

“ఈ వైన్ దొంగతనం చేశాడని నేను అతని మీద చెప్పాను. చేయలేదు. అందుకు మానేశాడు.”

ఆయన చెంచా కింద పెట్టి, గ్లాసు మీద అరచేయి పరిచారు. ఇక పోయవద్దని. సీసాలో ఇంకా సగం ఉంది. నేను తల వంచి, పక్క బల్లకు వెళ్లాను.